బాల్ ఆడి ఎవడు బాగుపడ్డడు?

తులసీదాస్ బలరాం. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు? గూగుల్ చెయ్యకుండా, నిజాయితీగా చెప్పండి :)

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర ఇదే ప్రశ్న వేశాను. తొమ్మిది మందిమి ఉన్నాం. అందులో ఆరుగురు ఇంగ్లీషు ప్రీమియర్ లీగ్ భక్తులు. ఒకడైతే ఆర్సెనల్ మ్యాచి ఉందంటే మర్నాడు పొద్దున స్టాండప్ కాల్‌కి కళ్ళు నలుపుకుంటూ వస్తాడు. ఎవరికీ తెలీదు. ఒకమ్మాయి మాత్రం "క్రికెటరా?" అంది. ప్రయత్నం చేసినందుకు ఆమెకే మార్కులెయ్యాలి.

ఈ తొమ్మిది మందిలో ఇద్దరు ఉండేది సైనిక్‌పురిలో. వాళ్ళు రోజూ దాటే అమ్ముగూడలోనే, అదే ఎంఎంటీఎస్ స్టేషను ఉన్న అమ్ముగూడ, 1936లో పుట్టాడాయన. అప్పట్లో అది సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కన ఒక పల్లె. ఇంట్లో మాట్లాడేది తమిళం, డబ్బు లేని ఇల్లు. అక్కణ్ణుంచి బయల్దేరి మెల్‌బోర్న్ ఒలింపిక్స్ (1956), రోమ్ ఒలింపిక్స్ (1960), జకార్తా ఏషియన్ గేమ్స్ (1962) ఆడాడు. రోమ్‌లో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. జకార్తాలో బంగారు పతకం. భారత ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్ళు ఆ కాలం గురించి చెప్పేటప్పుడు ముగ్గురి పేర్లు కలిపి చెబుతారు: పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. అంటే త్రిమూర్తుల్లో ఒకడు మన ఊరివాడన్నమాట. అయినా మనకి తెలీదు.

ఇప్పుడు ఈ గోలంతా ఎందుకంటే.. మా అక్క ఫోన్ చేసింది.

మాది సోమశిల. కొల్లాపూర్ దాటి వెళ్తే కృష్ణ ఒడ్డున ఉంటుంది. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు పాత ఊరు మునిగితే పైకి వచ్చి కట్టుకున్న ఊరు. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోయాక ఒండ్రు నేల బయట పడుతుంది. మా మేనల్లుడు అక్కడే బంతి తన్నడం నేర్చుకున్నాడు. ఊళ్ళో మిగతా పిల్లలందరూ క్రికెట్టు, వీడొక్కడికే ఈ పిచ్చి. ఇప్పుడు ఇంటర్ అయిపోతోంది. ఎవరో కోచ్ వాడి ఆట చూసి సెలక్షన్లకి రమ్మన్నాడట. ఇంట్లో యుద్ధం.

"తమ్మీ, నువ్వు చెప్తే ఇంటడు. బుద్ధిగ ఇంజినీరింగ్‌ల చేరమని చెప్పు. బాల్ ఆడి ఎవడు బాగుపడ్డడు?" అంది అక్క.

ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నకి మనం రెండు రెడీమేడ్ జవాబుల్లో ఒకటి పడేస్తాం. ఒకటి, "నిజమే అక్కా, చదువుకోమను". రెండోది, ఇన్‌స్పిరేషనల్ ఫార్వర్డు టైపు, "నీ కలని వెంటాడు". రెండూ చెప్పబుద్ధి కాలేదు. ఎవడు బాగుపడ్డాడో అసలు చూద్దాం అనిపించింది. అలా బలరాం దగ్గరికి వెళ్ళాను.

ముందు అసలు ఈ ఆటని "ఉద్యోగం"గా మార్చిన ఇంగ్లండు సంగతి కాస్త చెప్పాలి. ఎందుకంటే అది చదువుతుంటే మన హెచ్ఆర్ పాలసీ డాక్యుమెంటు చదువుతున్నట్టే ఉంది.

ఇంగ్లండులో డబ్బులు తీసుకుని ఆడటాన్ని 1885లో అధికారికంగా ఒప్పుకున్నారు. 1893 నుంచి ఒక రూలు పెట్టారు. నీ కాంట్రాక్టు అయిపోయినా సరే, నీ క్లబ్బు నిన్ను వదిలితేనే నువ్వు ఇంకో క్లబ్బుకి ఆడాలి. వదలకపోతే? ఇంట్లో కూచో. క్లబ్బు జీతం ఇవ్వక్కర్లేదు, పక్క క్లబ్బు తీసుకోకూడదు. రిలీవింగ్ లెటర్ ఇవ్వని మేనేజరు వందేళ్ళ క్రితమే ఉన్నాడన్నమాట! ఇది చాలదన్నట్టు 1901 నుంచి జీతానికి సీలింగ్ పెట్టారు, వారానికి నాలుగు పౌండ్లు. నువ్వు ఎంత బాగా ఆడినా అంతే. మన భాషలో చెప్పాలంటే ఒకే బ్యాండు, ప్రమోషన్ లేదు.

1905లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాణ్ణి సండర్‌లాండ్ నుంచి మిడిల్స్‌బ్రో వెయ్యి పౌండ్లు పెట్టి కొనుక్కుంది. ప్రపంచంలో అప్పటిదాకా ఎవరికీ అంత పెట్టలేదు, పేపర్లన్నీ గగ్గోలు పెట్టాయి. ఆ వెయ్యిలో ఆటగాడికి ఎంత? రూలు ప్రకారం చేరినందుకు పది పౌండ్లు దాటి ఇవ్వకూడదు. మిగతాదంతా క్లబ్బుకి. క్లయింటుకి బిల్లింగ్ రేటు ఎంత, మన చేతికొచ్చేది ఎంత అని ఒక్కసారైనా లెక్క వేసుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడాది అదే మిడిల్స్‌బ్రో డెర్బీ నుంచి స్టీవ్ బ్లూమర్‌ని తెచ్చుకుంది. ఆ కాలపు సచిన్ అనుకోండి. ఇంగ్లండుకి 23 మ్యాచిలు ఆడి 28 గోల్స్ కొట్టాడు. మళ్ళీ డెర్బీకి వచ్చి నలభయ్యో ఏట, 1914లో, ఆట మానేశాడు. మానేశాక ఏం చేశాడు? కూచుని తినే ఆస్తి లేదు. కోచ్ ఉద్యోగం దొరికిందని బెర్లిన్ వెళ్ళాడు. ఆన్‌సైటు! వెళ్ళిన కొద్ది వారాలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లీషువాడు కాబట్టి పట్టుకెళ్ళి రూలెబెన్ అనే శిబిరంలో పెట్టారు, యుద్ధంలో చాలా భాగం అక్కడే గడిచింది. దేశంలోకెల్లా పేరున్న ఆటగాడి రిటైర్మెంట్ ప్లాన్ అది.

ఆటగాళ్ళు ఊరుకోలేదు లెండి. 1907లో యూనియన్ పెట్టుకున్నారు. అయినా జీతం సీలింగ్ పోవడానికి 1961 జనవరి దాకా పట్టింది. వదలకపోతే ఇంట్లో కూచోవాలన్న రూలు తప్పని కోర్టు తేల్చింది 1963లో, జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు కేసు వేస్తే.

ఈ రెండు సంవత్సరాలూ గుర్తు పెట్టుకోండి, 1961, 1963. బలరాం కథలో మళ్ళీ వస్తాయి.

మన దగ్గర పద్ధతి వేరు. మన దగ్గర ఆటగాడు "ప్రొఫెషనల్" కాదు, కాగితం మీద అమెచ్యూర్. ఆటకి జీతం లేదు. ఆట ఆడినందుకు ఉద్యోగం దొరుకుతుంది, పోలీసులోనో రైల్వేలోనో పోర్టులోనో. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంతా ఇలాగే నడిచింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. వరసగా ఐదు! కలకత్తా పెద్ద క్లబ్బులకి ఇది మింగుడు పడలేదు.

ఆ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన గురించే కాబట్టి ఈ పేరైనా కొంతమందికి తెలిసి ఉంటుంది. నాకు ఆయనలో నచ్చేది పంతులు పద్ధతి. కుడికాలి వాటం కుర్రాళ్ళని ఎడమకాలితోనే ఆడమని పోటీలు పెట్టేవాడు. ఎవడికి ఏది రాదో అదే ఆడించడం. మంచి మెంటార్ అంటే అంతేగా, మనకి వచ్చిన పనే మనకిచ్చి పబ్బం గడుపుకోడు.

బలరాంని పట్టుకున్నది ఈయనే. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే అద్దె సైకిలు ఏర్పాటు చేశాడని చెబుతారు. 1956లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది, అందులో బలరాం ఉన్నాడు. అదే ఏడాది చివర్లో మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు. ఇరవయ్యేళ్ళు. ఆ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంత పైకి మళ్ళీ వెళ్ళలేదు. 1960 రోమ్ తరవాత అసలు క్వాలిఫై అవ్వడమే లేదు.

1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ పిలిచింది, వెళ్ళాడు. హైదరాబాద్‌లో పుట్టిన టాలెంటు బయటికెళ్ళి పేరు తెచ్చుకోవడం అనేది మనమేదో 1998లో కనిపెట్టామనుకుంటాం, హెచ్-1బీ తోటి. కాదండీ. అప్పట్లో ఆన్‌సైటు అంటే కలకత్తా. భాష రాదు, తిండి వేరు, ఒక గోలు మిస్సయితే మైదానం బయట లక్ష నోళ్ళు. అక్కడ ఆరు సీజన్లు ఆడి వందకు పైగా గోల్స్ కొట్టాడు. 1961లో కెప్టెన్. తొమ్మిదేళ్ళ తరవాత ఈస్ట్ బెంగాల్‌కి కలకత్తా లీగ్ తెచ్చిపెట్టింది ఆ ఏడాదే, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కూడా ఆయనవే.

ఇంగ్లండులో జీతం సీలింగ్ ఎత్తేసింది ఆ ఏడాదే అని చెప్పాగా. ఫుల్‌హామ్ కెప్టెన్ జానీ హేన్స్ జీతం ఇరవై పౌండ్ల నుంచి ఒక్కసారి వారానికి వంద పౌండ్లకి పెరిగింది. అదే సమయంలో ఇక్కడ ఆసియాలోకెల్లా మంచి ఫార్వర్డుల్లో ఒకడు కాగితం మీద అమెచ్యూర్.

1962 జకార్తా. మొదటి మ్యాచిలో దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తరవాత థాయిలాండ్ మీద 4-1. జపాన్ మీద 2-0, అందులో ఒకటి బలరాంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లని ఆ గేమ్స్‌కి రానివ్వకపోవడాన్ని మన జి.డి. సోంధి తప్పు పట్టాడని ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. లక్షమంది ప్రేక్షకులు, అందరూ మనకి వ్యతిరేకం. జర్నైల్ సింగ్ తలకి కుట్లు. అయినా 2-1తో గెలిచాం. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి. బలరాం కూడా ఆ పదకొండుమందిలో ఉన్నాడు. సికింద్రాబాద్ వైపు నుంచి ఒకడు, హైదరాబాద్ నుంచి యూసుఫ్ ఖాన్, గోల్‌లో తంగరాజ్, పక్కన రహీం సాబ్. అమ్ముగూడ కుర్రాడు అక్కడికి చేరుకున్నాడు. ఆ ఏడాదే అర్జున అవార్డు కూడా వచ్చింది.

తర్వాతి ఏడాది 1963. జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు. జకార్తాకి ఆయన ఆ జబ్బుతోనే వెళ్ళాడు. బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టు బీఎన్ఆర్‌కి వెళ్ళాడు. ఆ ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు. డాక్టర్లు ఆట మానెయ్యమన్నారు. ఇరవయ్యేడేళ్ళకి కెరీర్ అయిపోయింది.

ఇరవయ్యేడేళ్ళు! మనలో చాలామందికి ఆ వయసుకి "సీనియర్" అనే పదం డెసిగ్నేషన్‌లో చేరి ఉంటుంది, అంతే.

ఆ తరవాత ఇంకో అరవై ఏళ్ళు బతికాడు. అసలు కథ నా మట్టుకు నాకు ఇక్కడే ఉంది. చునీ గోస్వామికి 1983లో పద్మశ్రీ, పీకేకి 1990లో పద్మశ్రీ. బలరాంకి ఎప్పటికీ రాలేదు, ఆ బాధని ఆయన దాచుకోలేదు కూడా. ఈస్ట్ బెంగాల్‌తో సంబంధమూ చేదుగానే మిగిలింది. హైదరాబాద్ తిరిగి రాలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉండిపోయాడు. పీకే, చునీ ఇద్దరూ 2020లో వెళ్ళిపోయారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న పోయాడు, 86 ఏళ్ళకి. మర్నాడు మన పేపర్లు చూస్తే అందరికీ ఒక్కసారి గుర్తొచ్చాడు, "మన హైదరాబాదీ" అని.

మా సోమశిల ఎదురుగా, ఏటికి అవతల ఒడ్డున సంగమేశ్వరం గుడి ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గాక బయటపడితే పడవలేసుకుని జనం వెళ్ళి దండం పెట్టుకుని ఫోటోలు దిగి వస్తారు. మళ్ళీ వరదొస్తే మునిగిపోతుంది. మన పాత ఆటగాళ్ళు మనకి కనబడేదీ అలాగే, సంస్మరణ వార్త పడ్డ రోజు.

సరే, మళ్ళీ అక్క ప్రశ్న. బలరాం బాగుపడ్డాడా?

అక్క లెక్కలో చూస్తే లేదు. ఇల్లు, పొలం, పదవి ఇవేవీ చెప్పుకునేంత లేవు. ఆటే ఆయన్ని పోషించలేదు, ఆట వల్ల వచ్చిన రైల్వే పోషించింది. ఇక్కడ నాకో సంగతి తట్టింది. మనం "గవర్నమెంటు కొలువు కోసం ఆడుతున్నారు" అని స్పోర్ట్స్ కోటా వాళ్ళని వెక్కిరిస్తాం గానీ, ఒంట్లో ఊపిరితిత్తి మొరాయించిన రోజున వాళ్ళని నిలబెట్టింది ఆ కొలువే. ఇంగ్లండులో బ్లూమర్‌కి అది కూడా లేదు. ఒక క్లబ్బూ ఒక దేశమూ ఆయన కాళ్ళని వాడుకుని, కాళ్ళు అయిపోయాక "థాంక్యూ" అన్నాయి. మన దగ్గర ఆ థాంక్యూ తోపాటు నెల జీతం కూడా ఇచ్చారు. తక్కువే కావచ్చు, కానీ ఇచ్చారు.

ఇప్పుడు రెండూ కలిసిపోయాయి, అదే నన్ను భయపెట్టేది. ఇప్పటి కుర్రాడికి క్లబ్బు కాంట్రాక్టు దొరుకుతుంది, కొలువు భరోసా దొరకడం కష్టం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ గెలిస్తే మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. రెండేళ్ళు తిరక్కుండా ఆటగాళ్ళకి జీతాలు అందని పరిస్థితి, ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మా మేనల్లుడి గోడ మీద ఆ పసుపు జెర్సీ పోస్టరు ఇంకా ఉంది, వాడి చేత ఎవరు తీయిస్తారు?

అలాగని మొత్తం చీకటే అని కూడా అనను. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. ఆ తరవాత ఈస్ట్ బెంగాల్‌కి వచ్చింది. 2024-25లో ఆ జట్టు మహిళల లీగ్ గెలిస్తే అందులో మనమ్మాయి ఉంది. బలరాం 1957లో వెళ్ళిన క్లబ్బే! మనం చూడకపోయినా ఆ దారి మూసుకుపోలేదు.

ఇంకో మాట. అక్క మనసులో తక్కెడకి అవతల వైపు ఉన్నది నేను. "తమ్ముణ్ణి చూడు, సాఫ్ట్‌వేర్‌లో సెటిలయ్యిండు" అని వాడికి రోజూ చెబుతుందట. ఈ సెటిలవ్వడం సంగతి మనలో మనం మాట్లాడుకుందాం. ఒక్కసారి మీ ఫ్లోర్‌లో తల ఎత్తి చూడండి, యాభై దాటిన డెవలపర్లు ఎంతమంది కనబడతారు? 2022 చివరి నుంచి ఎంతమందికి పొద్దున్నే మెయిల్ వచ్చి, మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్ అయ్యింది? ఫుట్‌బాలర్‌కి ముప్పై అయిదుకి రిటైర్మెంట్ అని ముందే తెలుసు, మనకి ఎప్పుడో తెలీదు, అంతే తేడా. కాకపోతే మనకి తొంభై రోజుల నోటీసు, ఇన్సూరెన్సు, పీఎఫ్ ఉన్నాయి. అవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఎక్కడో ఎవరో ఎప్పుడో అడిగితే, కొట్లాడితే వచ్చినవి.

వారం ఆలోచించి అక్కకి ఫోన్ చేశాను. సెలక్షన్లకి పంపమన్నాను. డిగ్రీలో మాత్రం చేర్పించమన్నాను, ఇంజినీరింగే కానక్కర్లేదు, ఆట సాగేలా ఉన్న కాలేజీ చూడమన్నాను. వాడితో విడిగా మాట్లాడి, అకాడమీ వాళ్ళని మూడు ప్రశ్నలు అడగమన్నాను. దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది? వేరే జట్టు పిలిస్తే నన్ను వదులుతారా, వదలడానికి డబ్బు అడుగుతారా? చదువుకి టైమిస్తారా? ఈ మూడూ కాగితం మీద ఉండాలి, కోచ్ నోటి మాట మీద కాదు. ఆ కాగితం నాకు వాట్సప్‌లో పెట్టమన్నాను. సర్వీస్ బాండ్లు, రిలీవింగ్ లెటర్లు చదివీ చదివీ మనకి అబ్బిన విద్య ఇంకెందుకు పనికొస్తుంది?

"మామా, నాకు ఎడమకాలు సరిగా రాదు, తీసుకుంటరంటవా?" అన్నాడు వాడు. కాంట్రాక్టు గురించి ఇరవై నిమిషాలు చెప్పిన లెక్చరంతా గాలికి పోయింది, వాడి దిగులు అదీ!

రహీం సాబ్ సంగతి చెప్పాను. నెల రోజులు కుడికాలితో బంతి ముట్టుకోవద్దన్నాను.

అక్క ఇంకా నాతో సరిగా మాట్లాడట్లేదు. "వాడు చెడిపోతే నీదే పూచీ" అంది. ఒప్పుకున్నాను. బలరాం గురించి కూడా చెప్పాను. అంతా విని, "పాపం, ఆ పిల్లగానికి అమ్మ ఉండెనా?" అని అడిగింది. ఉండేది అక్కా, వాళ్ళమ్మ పేరు ముత్తమ్మ అన్నాను. ఇంకేం అనలేదు.